మైకు రాని ఆదివారం

గార్లదిన్నెలో బస్సు దిగి మా ఊరికి నడిచే మట్టిరోడ్డు పక్కన, పశువుల మేతకు ఎవరో పేర్చిన వేరుశనగ కట్టె వామి మీద ఆమె తలకిందులుగా కనబడింది.

కంగారు పడకండి. మనిషి కాదు, ఫ్లెక్సీ. మా వైపు ఫ్లెక్సీకి రెండు జన్మలు. మొదటి జన్మలో అది పుట్టినరోజు శుభాకాంక్షలో, పెళ్ళి స్వాగతమో, కన్నీటి నివాళో అవుతుంది. రెండో జన్మలో వామి మీద కప్పు, మేకల దొడ్డికి తడిక, స్నానాల దడికి తలుపు. ఎంత పెద్ద నాయకుడైనా చివరికి మేకల దొడ్డికి రావలసినవాడే. అనంతపురంలో ఫ్లెక్సీలు డిజైన్ చేసే అంగడిలో పనిచేస్తాను కాబట్టి ఈ తత్వం నాకు వృత్తిరీత్యా వంటబట్టింది.

ఈ ఫ్లెక్సీ నేను చేసిందే. ఆమె పోయి ఏడాది దాటింది. ఎండకు ఎరుపూ పసుపూ ఎగిరిపోయి, మనిషి నీలంగా మిగిలింది. కింద నల్ల అక్షరాలు మాత్రం చెక్కుచెదరలేదు. నల్లరంగు అంత నిక్కచ్చిగా నిలుస్తుందని తెలిస్తే లేత పసుపులో వేసి ఉండేవాణ్ణి.

పక్కన నడుస్తున్న మా అమ్మ ఆగింది. తల పక్కకు వంచి చూసింది.

"ఆయమ్మ కదరా?"

"ఊ."

"కింద ఏమో రాసినారే. ఏం రాసినారు?"

అమ్మకు చదువు రాదు. అందుకే అక్షరాలంటే నాకంటే ఆమెకు గౌరవం ఎక్కువ. ఆ ఫ్లెక్సీ గుడి ముందర కట్టిన రోజుల్లో అమ్మ గుత్తిలో ఉంది, మా అక్క కాన్పుకని పోయి. ఆయమ్మ కోసం గుళ్ళో జరిగిన కూడికా చూడలేదు, అక్కడ చదివిన మాటలూ వినలేదు.

"అది ఆయమ్మ ఆకరి సాక్ష్యమమ్మా."

"ఆకరిదా? సదువు, ఇందాం."

చెప్పులో రాయి పడిందని వంగి, లేని రాయిని చాలాసేపు తీశాను. ఎందుకంటే ఆ మాటలు ఆమె అన్నవి కావు. నేను రాసినవి.

*

ఆమెకు పేరు ఉండేది. ఇక్కడ రాయను. ఆ పేరుతో నేనెప్పుడూ పిలవలేదు, ఇప్పుడు వాడుకుంటే అరువు తెచ్చుకున్నట్టుంటుంది. నేను పెట్టిన పేరే ఊరంతా పాకింది: స్తోత్రమవ్వ. మామూలు మనుషులు ‘అబ్బా’ అనే చోట, ‘అయ్యో’ అనే చోట, ‘నీ మొగం మండ’ అనే చోట కూడా ఆమె ‘స్తోత్రం నాయనా’ అనేది. కాలి బొటనవేలికి రాయి తగిలితే స్తోత్రం. కరెంటు పోతే స్తోత్రం. వస్తే ఎటూ స్తోత్రమే.

మా ఊరి చర్చిని మేము గుడి అనే అంటాం. రేకుల కప్పు. మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు, చాపల మీద. ఎండాకాలం పదకొండు దాటాక ఆ రేకు కింద కూర్చోవడమే ఒక విశ్వాసం. నాలుగు ఫ్యాన్లు ఉన్నాయి, గాలి కంటే చప్పుడు ఎక్కువ ఇస్తాయి. పాటలకూ ప్రసంగానికీ మధ్య సాక్ష్యాల సమయం. ఆ వారం దేవుడు తనకు చేసిన మేలేదో లేచి నలుగురికీ చెప్పి, చివర ‘స్తోత్రం’ అని కూర్చోవాలి. మిగతా వాళ్ళందరూ ‘స్తోత్రం’ అని అందుకోవాలి. అదీ పద్ధతి. మా నేలలో చెప్పుకోదగ్గ మేలు నెలకొకటి దొరకడమే కష్టం. చాలామంది ‘ఇంతవరకు కాపాడినందుకు’ అని ఒక్క మాటలో కానిచ్చేస్తారు. ఆమెకు మాత్రం వారానికి ఏడెనిమిది దొరికేవి.

ముందు పక్కనున్న మా అమ్మ భుజం మీద చెయ్యి వేసి లేచేది. మోకాళ్ళు రెండూ చిటపటలాడేవి. కొంగు తలమీదికి లాక్కుని, మైకును సంగటిముద్దలా రెండు చేతుల్లో పట్టుకునేది. రెండు వేళ్ళతో తట్టేది. ఆ తర్వాత ‘ఫూ’ అని ఊదేది. స్పీకరు పెట్టెలో నుంచి గాలివాన వచ్చినట్టు మోగేది. మాకు దొరికే గాలివాన అదొక్కటే.

"ఊదొద్దవ్వా, మైకు పాడైతాది," అని వారం వారం చెప్పేవాణ్ణి.

"ఊదకుండా పొయ్యి రాజుతాదా అబ్బీ?"

ఇక మొదలు.

"అందరికీ వందనాలు. బుధవారం నాడు బస్సు దాటిపాయె. స్తోత్రం. నడుసుకుంటా పోతాంటే మా మేనకోడలు ఎదురుపడె. బస్సెక్కింటే కనపడునా? మేకకు కడుపుబ్బరం తగ్గె. స్తోత్రం. శుక్రవారం మబ్బు పట్టె. పడలేదు. పోయి ఇంకో ఊర్లో పడింటాది. ఆ ఊరోళ్ళ తరపున స్తోత్రం."

ఆ ఊరివాళ్ళు ఎవరో నాకు తెలియదు. వాళ్ళ తరపున మా ఊళ్ళో ఒక ముసలామె కృతజ్ఞతలు చెప్పిందని వాళ్ళకూ తెలియదు.

గుడిలో మైకు పెట్టె నా చేతి కింద ఉండేది. ఆదివారాలు అనంతపురం నుంచి వచ్చి ఆ పెట్టె దగ్గర కూర్చునేవాణ్ణి. భక్తి కంటే మీటలంటే ఇష్టం. ఒకసారి పాస్టరయ్య, ఆమె సాక్ష్యం మేక దగ్గరి నుంచి మేకను అమ్మినవాడి కుటుంబం దాకా పోయినప్పుడు, నా వైపు చూసి చేతి గడియారం మీద వేలు తట్టారు. ఆయన చేసింది అంతే. మిగతాది నా ప్రతిభ.

ఎడమ నుంచి మూడో మీట ఆమె మైకుది. ఒక్కసారిగా ఆపితే తెలిసిపోతుంది. పొద్దు గుంకినట్టు సన్నగా తగ్గించాలి. మాట మెల్లగా దూరమై, ఫ్యాన్ల చప్పుడులో కలిసిపోయేది. ఆమె మైకు వైపు చూసి, "అయ్యో, ఆగిపాయనే," అని రెండుసార్లు తట్టి, "స్తోత్రం," అని ఇచ్చేసేది. అప్పుడు జనం అందుకునే ‘స్తోత్రం’ ఆ ఆదివారం మొత్తంలోకీ పెద్దది. అందులో భక్తి ఎంతో, ఊరట ఎంతో, నేను తూకం వేయలేదు. నా పక్కన కూర్చునే ఇద్దరు స్నేహితులు పాటల పుస్తకాల్లో ముఖాలు దాచుకునేవాళ్ళు. నేను మాత్రం నవ్వేవాణ్ణి కాదు. జోకు వేసినవాడు నవ్వకూడదు, అది మా పద్ధతి.

ఆమె మాటతీరును నేను అచ్చం దించేవాణ్ణి. ఒక క్రిస్మస్ కార్యక్రమంలో కొంగు కప్పుకుని, మైకు తట్టి, ఊది, ‘కడుపుబ్బరం తగ్గె, స్తోత్రం’ అన్నాను. గుడి కూలిపోయేట్టు నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది ఆమే. అయిపోయాక నా దగ్గరికి వచ్చి, గడ్డం పట్టుకుని, "బాగా చేసినావు అబ్బీ. ‘నాయనా’ కాడ ఇంకొంచెం సాగదీయల్ల. నేను ఆడ ఊపిరి తీసుకుంటా," అంది.

ఎగతాళి చేసినవాడికి మెరుగులు దిద్దే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను ఆమె సలహా పాటించాను కూడా.

*

వానలు పూర్తిగా మొహం చాటేసిన ఏడు కూడా కోత పండగ వచ్చింది. పండిన పంటలో మొదటి భాగం తెచ్చి గుళ్ళో దేవుని ముందు పెట్టే పండగ. పంట లేదని పండగ ఆగదు, క్యాలెండరుకు వానతో పని లేదు. బోర్లున్న వాళ్ళు ఒక మూట కాయలు, గుమ్మడికాయలు, టమేటా గంపలు తెచ్చారు. లేనివాళ్ళు అంగట్లో కొని తెచ్చారు, చెప్పకుండా.

ఆమె తన రెండెకరాల చేలో నుంచి వేరుశనగ చెట్టొకటి వేళ్ళతో పీకి తెచ్చింది. కొంగులో చుట్టుకుని, బిడ్డను తెచ్చినట్టు. విప్పితే ఎండిన ఆకు, ఎర్రమట్టి, కాయలు పట్టాల్సిన ఊడలు. కాయ ఒక్కటీ లేదు. ఆమె దాన్ని గుమ్మడికాయల పక్కన నిలబెట్టడానికి ప్రయత్నించింది. అది నిలబడలేదు. గుమ్మడికాయకు ఆనించింది.

గుళ్ళో ఒక క్షణం నిశ్శబ్దం వచ్చింది. నిశ్శబ్దం నాకు గజ్జి లాంటిది, గోకకుండా ఉండలేను.

"అవ్వా, దేవునికి కట్టె మేపుతావా? ఆయనేమన్నా ఎద్దా?"

నవ్వులు. ఆమె కూడా నవ్వింది. నవ్వి, చేతులకు అంటిన మట్టి దులుపుకుంటూ, "పండింది తెమ్మన్నారు కదప్పా. నాకు పండింది ఇదే," అంది.

ఆ మధ్యాహ్నం గార్లదిన్నె బస్సు స్టాపులో ఇద్దరం ఒకే అరుగు మీద కూర్చున్నాం. నేను అనంతపురం పోవాలి, ఆమె అంగడికి. ఎదురుగా గోడ మీద నేను చేసిన ఫ్లెక్సీ ఉంది: చేతులు జోడించిన ఒక నాయకుడు, చుట్టూ తామరపూల మాదిరి అనుచరుల తలలు.

"ఏమని రాసినారప్పా?"

"కరువు సీమ కల్పవృక్షం, అని."

"ఈయప్ప ఏం చేసినాడు?"

"ఇంకా ఏమీ చేయలేదవ్వా. చేస్తాడని."

"రాసింది ఎవురు?"

"నేనే."

ఆమె నా వైపు మెచ్చుకోలుగా చూసింది. అది నన్ను గిల్లింది. అందుకే అడిగాను. ఎగతాళికి మొదలుపెట్టి, మధ్యలో నిజంగానే అడిగాను.

"నేను పొద్దస్తమానం పొగడ్తలు అచ్చేసేవాణ్ణి అవ్వా. పొగిడించుకునేవాని సంగతి నాకు తెలుసు. ఏదో లోటుంటేనే పొగిడించుకుంటాడు. మరి దేవునికేం లోటు? ఆదివారం ఆదివారం మనందరం లేసి నువ్వు గొప్పోడివి, నువ్వు మంచోడివి అని చెప్పకుంటే ఆయనకు నిద్ర పట్టదా?"

ఆమె చెంగు కొసతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు పొద్దున్నే మొగం కడుక్కుంటావు కదా?"

"కడుక్కుంటా. నీళ్ళుంటే."

"అది నీళ్ళకు మేలు చేసేదానికా?"

బస్సు వస్తోందేమోనని లేచి చూశాను. రాలేదు. ఆ బస్సు ఎప్పుడూ నా పక్షాన ఉండదు.

"మా ఆయన మూడు బోర్లు ఏపిచ్చినాడు," అంది ఆమె, నేను అడగకుండానే. "మూడింట్లో దుమ్మే. ఆ దిగులుతో మంచం పట్టి పోయినాడు. రెండేండ్లు నేను తిడతానే ఉంటి అబ్బీ. పొద్దున లేస్తే తిట్టు. దేవుణ్ణి, బోరు లారీ వాన్ని, సచ్చినాయన్ను. ఒకనాడు మేకకు నీళ్ళు పెడతా దాన్నీ తిట్టినా. అది తాగేది మానేసి నన్నే సూసె. దానికేం తెలుసు బోరు సంగతి? నా నోరు నాకే కంపు కొట్టినట్లాయె. ఊరికే, ఏం మేలూ లేకుండానే, స్తోత్రం అంటి. మేక మళ్ళా తల దించి నీళ్ళు తాగె."

"అంటే మేక కోసం మొదలుపెట్టినావు."

"ఔ, అట్లే అనుకో." నవ్వింది. "వానొచ్చినాక స్తోత్రం అంటే అది బేరమప్పా. మీ ఫ్లెక్సీల్లో రాసే మాదిరి. రాకపోయినా అంటే సుట్టరికం. ఇంట్లో ఏమీ లేదని సుట్టాన్ని పలకరించకుండా ఉంటామా?"

బస్సు వచ్చింది. ఎక్కి కిటికీలో నుంచి, "అవ్వా, ఇది ఆదివారం చెప్పు, మైకు ఆపను," అన్నాను.

అలా నోరు జారాను. ఆమె అప్పుడు నా ముఖం వైపు చూసిన చూపులో మైకు సంగతి అర్థమైందో లేదో నాకు తెలియదు. "సల్లగా పోయిరా," అని చెయ్యి ఊపింది.

*

చివరి ఆదివారం సంగతి.

ఆ వారం ఆమెకు కడుపునొప్పి వచ్చి, అనంతపురం పెద్దాసుపత్రిలో నాలుగు రోజులుండి వచ్చింది. డాక్టరు ఏం చెప్పాడో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మనిషి సగమై వచ్చింది. గుడికి మాత్రం వచ్చింది. ఈ వారం దేనికి స్తోత్రం చెబుతుందో చూద్దామని అందరికీ ఉంది. ఆడవాళ్ళకు జాలితో, నాకూ నా ఇద్దరు స్నేహితులకూ పందెంతో. మైకు మొదటి నుంచే ఆపేస్తే, ఆపింది నేనని ఆమె కనిపెడుతుందా? కనిపెట్టదని నేను, కనిపెడుతుందని వాళ్ళు. అదీ పందెం. ఓడినవాడు టీ తాపాలి.

మా అమ్మ భుజం పట్టుకుని లేచింది. లేవడానికే చాలాసేపు పట్టింది. మైకు తట్టింది. చప్పుడు లేదు. ఊదింది. గాలివాన రాలేదు. నా వైపు చూసింది.

నేను ‘ఒక్క నిమిషం’ అని వేలు చూపించి, నాటకం మొదలుపెట్టాను. వంగి తీగలు లాగాను. ప్లగ్గు పీకి, దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఊదాను, ఆమె ఊదినట్టే. కనుబొమలు ముడిచాను. పెట్టె వెనక్కి పోయి, ముందుకు వచ్చి, తల గోక్కున్నాను. చెమట మాత్రం నిజమైనదే, రేకు కింద అందరికీ పట్టేదే. స్నేహితులిద్దరూ పాటల పుస్తకాల్లోకి దిగిపోయారు. నా ఓరచూపుకు ఆమె పెదవులు కదలడం కనబడుతూనే ఉంది. చుట్టూ ఆడవాళ్ళు ఆమె వైపు ముఖాలు తిప్పి వింటున్నారు. ఫ్యాన్ల చప్పుడులో మాకు ఇటువైపు ఒక్క ముక్క వినబడలేదు. మైకు లేకుండానే సాక్ష్యం కానిస్తోంది, గట్టి పిండమే అనుకున్నాను. చాలాసేపటి తర్వాత ఆమె పెదవులు ‘స్తోత్రం’ అన్నాయి. అది పెదవుల కదలికను బట్టే తెలుస్తుంది. కూర్చుంది. జనం అందుకున్నారు.

పాస్టరయ్య ప్రసంగానికి లేవగానే మైకు వచ్చేసింది. ఎవరికీ అనుమానం రాలేదు. మా గుళ్ళో అద్భుతాలు మామూలే.

గురువారం పొద్దున ఆమె లేవలేదు.

మూడో రోజు ఆమె కూతురు అనంతపురంలో మా అంగడికి వచ్చింది. బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. సెలవు దొరకక ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాలేకపోయింది. తల్లి కోసం జరిగే ఆదరణ కూడికకు ఫ్లెక్సీ కావాలి. ఫోటో ఇచ్చింది, తేదీలు చెప్పింది. నేను కంప్యూటరు ముందు కూర్చుని రంగులు చూపిస్తున్నాను.

"తమ్ముడూ, మైకు కాడ ఉండేది నువ్వే కదా? ఆకరి వారం మా యమ్మ లేసి సాక్ష్యం చెప్పిందంట. ఏం చెప్పింది? ఆ మాట కింద ఏయించుకుంటా. నేను ఇనలేకపోతి."

‘తెలియదక్కా’ అనడానికి ఒక్క మాట చాలు. అది అంటే, ఎందుకు తెలియదు అంటుంది. మైకు పోయింది అనాలి. ఎందుకు పోయింది అంటుంది. మూడో ప్రశ్నకు నా దగ్గర జోకు లేదు. అందుకని మొదటి ప్రశ్నకే జవాబు చెప్పేశాను. అదీ ఆమె గొంతుతో, ‘నాయనా’ దగ్గర సాగదీసి, ఊపిరి తీసుకుని:

"నా దోసిలి ఖాళీగా ఉన్నా, నా నోరు నిండుగా ఉండాది నాయనా. నాకు అదే చాలు. స్తోత్రం."

కూతురు బల్ల అంచు పట్టుకుని ఏడ్చింది. నేను అక్షరాలకు నీడ పెట్టాను. ఆమె జన్మలో ‘దోసిలి’ అనే మాట అని ఉండదు. అది ఫ్లెక్సీ భాష. కల్పవృక్షం తమ్ముడు.

కూడికలో పాస్టరయ్య ఆ మాటలు చదివి, వాటి మీద అరగంట ప్రసంగించారు. నా వాక్యం మీద ప్రసంగం జరగడం నాకదే మొదటిసారి. పెట్టె దగ్గర కూర్చుని, ఆయన గొంతు సరిగ్గా వినబడేట్టు మీట సవరిస్తూ ఉండిపోయాను. చివరి ఆదివారం ఆమె పక్కన కూర్చున్న ఆడవాళ్ళు ఒకరిద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కానీ పాస్టరయ్య చదివి వినిపించిన మాటను కాదనడం మా ఊళ్ళో ఎవరికీ అలవాటు లేదు.

*

"రాయి తీసింది సాలు గానీ, సదువు," అంది అమ్మ.

చదివాను. తలకిందులుగా ఉన్న అక్షరాలు, అయినా తడుముకోలేదు. రాసినవాణ్ణి కదా.

అమ్మ మళ్ళీ తల వంచి ఫ్లెక్సీని చూసింది. తర్వాత, "ఈ మాట ఆయమ్మ యాడ చెప్పింది?" అంది.

"గుళ్ళోనేమ్మా. ఆకరి ఆదివారం."

"నేను పక్కనే ఉంటి కదరా. నా బుజం పట్టుకునే కదా లేసింది."

"మరి అంతసేపు మాట్లాడింది కదా?"

"మాట్లాడింది మాతోను. మైకు రాలేదని మేమంతా ‘మైకెందుకు, చెప్పత్తా, మాకు ఇనపడతాదిలే’ అంటిమి. ‘ఉండండే, అబ్బి బాగుచేస్తాండాడు. పాపం సెమట్లు కారిపోతాండాయి, తొందరపెట్టొద్దండి వాన్ని. ఈ వారం చెప్పేది పెద్దది ఉండాది, మగోళ్ళకూ ఇనపడల్ల’ అనె. నిలబడలేక నా బుజం ఇరిసేసినంత పని చేసె. కూసోమ్మా అంటే కూసోదు. వాడు అంత కష్టపడతాంటే నేను కూసుంటే బాగుండదు అంటాది. ఎంతసేపున్నా రాకపాయె. ‘సరేలే, వచ్చే వారం చెప్తాలే. స్తోత్రం’ అని కూసునె. అంతే."

వామి మీద ఫ్లెక్సీ గాలికి లేచి పడింది.

నువ్వు కావాలనే ఆపినావా అని అమ్మ అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆమె ముందు నడిచింది. ఇంటి దాకా ఎడమ భుజం చేత్తో రుద్దుకుంటూనే ఉంది. అలవాటో, నాకు చూపించడానికో తెలియలేదు.

మరుసటి రోజు అవ్వ కూతురికి ఫోన్ చేశాను. వెనకాల కుట్టుమిషన్ల చప్పుడు. నేను మొత్తం చెప్పాను, మీట, పందెం, టీ, మా అమ్మ విన్న మాటలతో సహా. గెలిచింది నేనే కాబట్టి టీ తాగింది కూడా నేనే అని చెప్పాను.

"నాకు అప్పుడే అనుమానం," అంది ఆమె. "మా యమ్మ అంత తక్కువ ఎప్పుడు మాట్లాడింది?"

నాకు నవ్వు రాబోయింది. ఆమె నవ్వలేదు.

"మరి ఆ పెద్దది ఏందంట? చెప్తా అనిందంట కదా."

"తెలీదక్కా. ఎవరికీ తెలీదు."

కుట్టుమిషన్లు చాలాసేపు నడిచాయి. తిడుతుందని ఎదురుచూశాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకు చెప్తే ఏమొస్తాది తమ్ముడూ," అంది చివరికి. "మా యమ్మ యాడ నిలబడిందో ఆడ నిలబడి చెప్పు." పెట్టేసింది.

వచ్చిన ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను పెట్టె దగ్గరి నుంచి లేచి, మూడో మీట నిండుగా పెంచి, ముందుకు నడిచాను. మైకు తీసుకున్నాను. చేతికి ఏం పట్టిందో, రెండు వేళ్ళతో తట్టి, ఊదాను. గాలివాన మోగింది. గుళ్ళో నవ్వులు. ఇంకో అనుకరణ అనుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు, ఇన్నేళ్ళు నేను అమ్మిన సరుకదే.

"అవ్వ ఫ్లెక్సీ మీద మాటలు అవ్వవి కాదు. నేను రాసినా."

ఇంకా నవ్వారు. నా స్నేహితులైతే పాటల పుస్తకాలు వెతుక్కున్నారు.

"ఆకరి ఆదివారం మైకు పోలేదు. నేనే ఆపినా. పందెం కట్టి ఆపినా. మైకు వస్తాదని ఆయమ్మ నిలబడుకోనే ఉండె. చెప్పాల్సింది చెప్పకుండానే పాయె."

నవ్వు ముందు ఆడవాళ్ళ వైపు ఆగింది, తర్వాత మగవాళ్ళ వైపు. ఫ్యాన్ల చప్పుడు మైకులో పడి గుడంతా నిండింది. పాస్టరయ్య తన గడియారం వైపు చూసుకుని, చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు.

సాక్ష్యం చెప్పినవాడు చివర ‘స్తోత్రం’ అనాలి. అందరూ దానికోసమే చూస్తున్నారు. వారానికి ఏడెనిమిది ఎక్కడ దొరికేవో ఆమెకు. నేను ఒక్కటి వెతికాను. మేక లేదు. బస్సు దాటిపోలేదు. ఏమీ లేకుండానే అనవచ్చని ఆమె నాకు అరుగు మీద కూర్చుని చెప్పింది కూడా. నోరు తెరిచాను. ఆ మాట రోజుకు వంద సార్లు ఆమె గొంతుతో అన్నవాణ్ణి. నా గొంతుతో అది ఎలా అనాలో తెలియలేదు.

"వచ్చే వారం చెప్తా," అని మైకు ఇచ్చేసి, పోయి పెట్టె దగ్గర కూర్చున్నాను.